శని చుట్టులో మిగిలిన ఇరవై ఏళ్లు

ముప్పై ఏళ్లకు పైగా ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే, పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పానంటాను. లోపల నాకు తెలిసింది వేరు. తెలియని చోట తెలిసినట్టు నిలబడటమే నేను ఎక్కువగా చేసిన పని. చేతిలో చాక్‌పీసు ఉన్నవాడికి అది సులువు. బోర్డు వైపు తిరిగితే ముఖం ఎవరికీ కనపడదు.

ఈమధ్య కొత్తగా బడుల్లో చేరిన కొందరు ఉపాధ్యాయులు 'మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి' అన్నారు. బదిలీల గురించి, ఇంక్రిమెంట్ల గురించి రాయను. అవి స్టాఫ్ రూంలో రోజూ వింటారు. నేను రాసేది ఒక్క పాఠం గురించి. ఎనిమిదో తరగతి, సౌరకుటుంబం. సూర్యుడికి దూరం పెరిగేకొద్దీ గ్రహం ఒక చుట్టు తిరగడానికి ఎందుకు ఎక్కువ కాలం పడుతుందో చెప్పే పాఠం. దాన్ని నేను ఒకసారి తప్పు చెప్పాను. ఆ తప్పు వెళ్లి ఒకరి ఇంట్లో కూర్చుంది.

సున్నం చుట్లు

ఉద్యోగంలో నాకది రెండో ఏడు. కొడకండ్ల మండలంలో ఒక ఉన్నత పాఠశాల. ఊరి పిల్లలతో పాటు రెండు తండాల పిల్లలు నడిచి వచ్చేవాళ్లు. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు. ప్రశ్న అడిగితే కాసేపు ఆగి జవాబు చెప్పేవాళ్లు. ఆ ఆగడాన్ని నేను మందబుద్ధి అనుకున్నాను. రెండో భాషలో మాట వెతుక్కుంటున్నారని తట్టలేదు. తట్టకపోవడం కూడా సరైన మాట కాదు. తట్టించుకోలేదు.

పాఠం బొమ్మలతో కాకుండా మైదానంలో చెప్పాలని నాకు ఉబలాటం. మధ్యలో మేకు కొట్టి, దానికి తాడు కట్టి, కబడ్డీ గీతలకు పోసే సున్నంతో ఆరు చుట్లు గీశాను. భూమి చుట్టు మేకుకు ఆరడుగుల దూరంలో. అదే లెక్కన గురుడు ముప్పై ఒక్క అడుగులు, శని యాభై ఏడు అడుగులు. ఆపైన యురేనస్‌కూ నెప్ట్యూన్‌కూ మైదానం చాలలేదు. ఒక్కో గ్రహానికి ఒక్కో పిల్లవాడు, మెడలో పేరు రాసిన అట్టముక్క.

అట్టముక్కల కోసం కొట్లాడుకున్నారు, ఒక్కటి తప్ప. శని అట్టను ఎవరూ ముట్టుకోలేదు.

"మా అవ్వ కొడతది సార్," అన్నాడొకడు.

"మా ఇంట్ల నిన్ననే బర్రె ఈనింది సార్. నాకొద్దు," అన్నాడు ఇంకొకడు.

చివరి వరసలో తండా అమ్మాయి సక్రి కూర్చుని ఉంది. ఆమె నోరు తెరిచి వద్దనే పిల్ల కాదు. అందుకే ఆమెను పిలిచాను. శుక్రవారం పుట్టింది కాబట్టి సక్రి అని పేరు పెట్టారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. శుక్రుడి పేరున్న పిల్ల మెడలో శని అట్ట వేశాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను.

నేను చప్పట్లు కొట్టాలి, చప్పట్టుకొక అడుగు వెయ్యాలి. అందరూ ఒకే నడక. లోపలి చుట్టు చిన్నది కాబట్టి త్వరగా ముగుస్తుంది, బయటి చుట్టు పెద్దది కాబట్టి ఆలస్యమవుతుంది. దూరం ఎక్కువ, అందుకే కాలం ఎక్కువ. పాఠం ఎంత సులువైపోయిందో అని మురిసిపోయాను. కిటికీల్లోంచి మిగతా తరగతులు చూస్తున్నాయి. అది చూసి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాను.

సక్రి తన చుట్టు ముగించి, మొదలుపెట్టిన చోట ఆగింది. అట్టముక్కను రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడి, అడిగింది.

"సార్, పుస్తకంల శనికి ఇరవై తొమ్మిదిన్నర యేండ్లు అని ఉన్నది. భూమి తొమ్మిదిన్నర చుట్లు తిరిగేవరకే నేను తిరిగొచ్చిన. మిగిలిన ఇరవై యేండ్లు ఏడికి పోయినయి?"

భూమి అట్ట వేసుకున్న వాడు వెంటనే, "గామె ఉరికింది సార్!" అన్నాడు.

"ఉరకలే," అంది సక్రి. "సప్పట్లకే నడిచిన. లెక్కవెట్టిన."

ఆమె లెక్క సరైనదే. అడుగులు లెక్కపెడుతూనే నడిచింది. భూమి చుట్లు కూడా లెక్కపెట్టింది. ఆ మైదానంలో పాఠం నేర్చుకున్నది ఆమె ఒక్కతే. నాకు జవాబు తెలియదు. పుస్తకంలో ఆ సంఖ్య ఎన్నోసార్లు చదివాను కానీ ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. చుట్టూ నలభై మంది పిల్లలు, కిటికీల్లో ఇంకో వంద కళ్లు.

'తెలియదు సక్రీ, చూసి రేపు చెబుతా' అనాలి. ఆ మాటకు బదులు ఇట్లా అన్నాను: "శని గదా, ఇరవై యేండ్లు ఏడికి పోతడు? ఎవరింట్లనో కూసుంటడు. మీ ఇంట్ల సూస్కో పో. ఏ మూలకో కూసోని ఉంటడు."

మైదానమంతా నవ్వింది. సక్రి నవ్వలేదు. తండా ఉన్న దిక్కుకు ఒకసారి చూసి మళ్లీ నా వైపు తిరిగింది.

"ఇరవై యేండ్లా సార్?"

"ఇరవై యేండ్లే," అన్నాను. బెల్లు కొట్టారు.

నువ్వుల నూనె

పదకొండు రోజులకు సక్రి తండ్రి చనిపోయాడు. పొలం దగ్గర బోరు మోటారు స్టార్టరు డబ్బా. ముందురోజు వాన. తడి చెయ్యి. ఆ డబ్బాకు ఎర్తింగు వైరు లేదు. అట్లాంటి రేకు డబ్బాను తడి చేత్తో ముడితే ఏమవుతుందో నేను చెప్పే పాఠాల్లోనే ఉంది. ఆ మరణంలో శనికి ఏ పనీ లేదని చెప్పగలిగిన మనిషిని ఆ చుట్టుపక్కల నేనొక్కణ్నే కావచ్చు.

సక్రి బడికి రాలేదు. వచ్చిన పిల్లలు నన్ను వేరేగా చూడటం మొదలుపెట్టారు. భయంతో కూడిన గౌరవం అది. హోంవర్కు అందరూ రాసుకొచ్చారు. నిజం చెప్పాలంటే, మొదటి వారం అది నాకు బాగానే ఉంది. ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది, కానీ రాయాలి.

మైదానంలో లోపలి ఐదు చుట్లు ఆటల్లో పిల్లల కాళ్ల కింద చెరిగిపోయాయి. ఆరో చుట్టు చెరగలేదు. దాన్ని ఎవరూ తొక్కడం లేదు. బంతి అవతల పడితే ఎగిరి దాటుతున్నారు. ప్రార్థనకు వరసలు కట్టేటప్పుడు ఆ గీత వచ్చిన చోట వరస తెగి, అవతల మళ్లీ కలుస్తోంది. రెండు వానలు పడ్డా గీత తెల్లగానే ఉంది. సున్నం మందంగా పోశాను, మీద కాలు పడలేదు. అంతకు మించి అందులో ఏమీ లేదు. మా లెక్కల సారు ఒకరోజు స్కూటరును దాని చుట్టూ తిప్పుకుని వచ్చి, తనకు తానే నవ్వుకున్నాడు. మర్నాడూ తిప్పుకునే వచ్చాడు. నేను కూడా దాని మీద అడుగు వెయ్యలేదు.

ఒక మధ్యాహ్నం సక్రిని వెంటబెట్టుకుని ఆమె తల్లి స్టాఫ్ రూంకు వచ్చింది. ఎండలో తండా నుంచి నడిచొచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గడప పక్కన నేల మీద కూర్చుంది.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఇరవై యేండ్లు అన్నవంట. గది జర తక్కువ చెయ్యరాదా?"

గదిలో నలుగురు ఉపాధ్యాయులున్నారు. ఒకాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. 'అమ్మా, నాకు జవాబు తెలియక నోటికొచ్చింది అన్నాను, మీ ఇంట్లో ఎవరూ లేరు' అనడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నలుగురి ముందు అంత చిన్నవాణ్ని కాలేకపోయాను.

"శనివారం శనివారం నువ్వుల నూనె దీపం పెట్టు," అన్నాను. "తగ్గుతది."

"ఎంత తగ్గుతది సారూ?"

"ఎంతో కొంత."

ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కింది. సక్రి అప్పటిదాకా అలమారలో ఉన్న గ్లోబును చూస్తూ ఉంది. "యాడీ, చాల్," అని తల్లి రెక్క పట్టుకుని లేపింది. అమ్మా, పోదాం పద అని. మళ్లీ ఆమె బడిలో అడుగుపెట్టలేదు. హాజరు పట్టికలో ఆమె పేరు ఎదురుగా కొన్నాళ్లు గైర్హాజరు గుర్తులు పెట్టాను. తర్వాత ఎర్రగీత కొట్టాను.

షీల్డు

ఆ చలికాలం జనగామలో సైన్స్ ఫెయిర్ జరిగింది. అదే ఆరు చుట్ల పాఠాన్ని అట్ట మీద చేసి తీసుకుపోయాను. అదే తప్పుతో. గ్రహాలన్నీ ఒకే నడక. ముగ్గురు న్యాయనిర్ణేతలు చూశారు, తలలూపారు. పక్కనే పట్టికలో ఇరవై తొమ్మిదిన్నర అని నేనే పెద్ద అక్షరాలతో రాశాను. మిగిలిన ఇరవై ఏళ్లు ఏమయ్యాయని ఒక్కరూ అడగలేదు. షీల్డు ఇచ్చారు.

కొత్తవాళ్లకు ఒక మాట చెప్పగలను. మీ పాఠాన్ని పొగిడేవాళ్లు దాన్ని విన్నారని అనుకోవద్దు. విన్నవాళ్లు ఏదో ఒకటి అడుగుతారు.

సోమవారాలు

తర్వాతి బదిలీ మహబూబాబాద్ వైపు నేనే అడిగి వేయించుకున్నాను. అక్కడ ప్రధానోపాధ్యాయులు ఖాజా సార్. లెక్కల మనిషి. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. కోపం వస్తే రెండూ కలిసేవి. ఒకరోజు భోజనాల వేళ, ఎవరో వేరే ఉపాధ్యాయుడికి జరిగినట్టుగా ఈ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టి, నా ముఖం చూసి, "గా ఉపాధ్యాయుడు ఇప్పుడు ఏం కూర తింటుండు?" అన్నారు. నా డబ్బాలో బెండకాయ. తల దించుకున్నాను.

ఆయన చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద వేశారు. భూమి దూరాన్ని ఒకటి అనుకుంటే శని దూరం తొమ్మిదిన్నర. తొమ్మిదిన్నరను తొమ్మిదిన్నరతో గుణించి, మళ్లీ తొమ్మిదిన్నరతో గుణిస్తే ఎనిమిది వందల యాభై ఏడు. దేన్ని దానితోనే గుణిస్తే అంత వస్తుంది? ఇరవై తొమ్మిది పైచిలుకు.

"ఇగో, దొరికినయి నీ ఇరవై యేండ్లు," అన్నారు.

ఎందుకట్లా అన్నది తర్వాత డిగ్రీ పుస్తకాలు ముందేసుకుని నెమ్మదిగా అర్థం చేసుకున్నాను. దూరం పెరిగితే రెండు జరుగుతాయి. దారి పొడవవుతుంది, అది ఒకటి. సూర్యుడి లాగుడు తగ్గుతుంది కాబట్టి గ్రహం నడక కూడా నెమ్మదిస్తుంది, అది రెండోది. నేను చెప్పింది మొదటిది మాత్రమే. శని దారి భూమి దారికి తొమ్మిదిన్నర రెట్లు, నడక మాత్రం మూడో వంతు కంటే కాస్త తక్కువ. భూమి మూడడుగులు వేస్తే శని ఒక అడుగు వెయ్యాలి. మిగిలిన ఇరవై ఏళ్లు ఆ నెమ్మదితనంలో ఉన్నాయి. ఎవరింట్లోనూ లేవు.

అదే పుస్తకంలో ఇంకొకటి తెలిసింది. అంత దూరంలో ఉన్న గ్రహం భూమి నడకతో నడిస్తే, సూర్యుడి లాగుడు దాన్ని ఆపలేదు. చుట్టు వదిలేసి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. ఆ రోజు మైదానంలో సక్రిని నేను నడిపించింది ఆ నడకే. పుస్తకం మూసేశాను.

"జవాబు ఎరుకైంది గదా, పోయి చెప్పినవా గా పిల్లకు?" అన్నారు ఖాజా సార్.

"ఈ ఆదివారం పోతా సార్."

సోమవారం సంతకం కోసం రిజిస్టరు నా ముందుకు తోస్తూ అడిగారు. "పోయినవా?"

"లేదు సార్. చుట్టాలొచ్చిండ్రు."

ప్రతి సోమవారం అదే ప్రశ్న. నాకు సాకుల కొరత రాలేదు. ఒకసారి మాత్రం ఆయనకు కోపమొచ్చింది. "మియా, తెల్వదు అంటే నీ నౌకరీ పోతుండెనా? ఎవరన్న పీకేస్తుండెనా నిన్ను? గంత భయమేందయ్యా నీకు?" అన్నారు. ఆ తర్వాతి సోమవారం ఆయన రిజిస్టరు తోసి, ఏమీ అడగకుండా కిటికీలోంచి బయటికి చూశారు. నా ఉద్యోగంలో మెమోలు అందుకున్నాను, చీవాట్లు తిన్నాను. ఆ సోమవారం పెట్టినంత చలి ఇంకెప్పుడూ పెట్టలేదు.

పోకపోవడానికి కారణం సిగ్గు అంటే కొంతే నిజం. ఆమె ఎట్లా ఉందో చూడాలంటే భయం. చూడనంతకాలం, అంతా సర్దుకుని ఉంటుందని అనుకునే వీలుంది.

మొగుళ్లపల్లి మొరం

చివరి కొన్నేళ్లు భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లి మండలంలో పనిచేశాను. అప్పటికి ఈ పాఠం సరిగ్గానే చెబుతున్నాను. చప్పట్లు మానేశాను. ఒక్కో గ్రహానికి ఒక్కో నడక. కానీ శని అట్టముక్క మళ్లీ ఏ పిల్ల మెడలోనూ వెయ్యలేదు. ఆరో చుట్టు గీసి ఖాళీగా వదిలేసేవాణ్ని. "అది చూడటానికే," అని చెప్పేవాణ్ని.

ఒక ఏడాది బడి ముందు గుంతలు పూడ్చడానికి కొత్తగా మొరం పోసి చదును చేశారు. ఆ ఎర్రటి నేల మీద సాయంత్రం చుట్లు గీసి, పాఠం మర్నాటికి పెట్టుకుని ఇంటికి పోయాను. రాత్రి సన్నని జల్లు పడ్డట్టుంది. పొద్దున అందరికంటే ముందు నేనే బడికి వచ్చాను.

లోపలి ఐదు చుట్లలో ఏమీ లేదు. ఆరో చుట్టులో అడుగులున్నాయి. చెప్పుల్లేని పాదాలు, చిన్నవి. ఒక అడుగు మడమకు ఇంకో అడుగు వేళ్లు దాదాపు తగులుతూ, ఎంతో నెమ్మదిగా నడిచినట్టు. చుట్టులోకి వచ్చిన అడుగులు లేవు, బయటికి పోయిన అడుగులూ లేవు. కొంతదూరం పోయి ఆగిపోయాయి.

తాడు తెచ్చి కొలిచాను. చుట్టులో మూడో వంతుకు కాస్త ముందు ఆగాయి. సరైన నడకతో నడిస్తే, భూమి తొమ్మిదిన్నర చుట్లు ముగించేసరికి శని చేరేది అక్కడికే.

బడి ఊడ్చే ఆమెను అడిగాను. "నేను ఇప్పుడే ఒస్తున్న సార్. గేటు తాళం నువ్వే తీస్తివి గదా," అంది. తర్వాత ఆ అడుగులను చూసి, చీపురు వెనక్కి పట్టుకుని, ఆ పక్కన ఊడ్వకుండానే పోయింది.

అవి ఎవరివని మీరడుగుతారు. నాకు తెలియదు. ఈ మాట ఆలస్యంగానైనా నేర్చుకున్నాను. పిల్లలు వచ్చేలోపు నీళ్లు చల్లించాను. ఆ రోజు పాఠం చెప్పలేదు.

కల్లం

పదవీ విరమణ అయ్యాక ఒక ఉదయం పంచాంగం తిరగేశాను. కొడకండ్లలో ఆ పాఠం చెప్పిన నాడు శని మీనరాశిలో ఉన్నాడు. ఆకాశమంతా ఒకసారి తిరిగి ఇప్పుడు మళ్లీ మీనంలో ఉన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు. ఇంకో చుట్టు చూడటానికి నేనుండను. తాడు, మేకు, కొంచెం సున్నం సంచిలో వేసుకుని బస్సెక్కాను.

తండాలో సక్రి ఇల్లు ఎవరినడిగినా చూపించేవాళ్లే. ఆమె ఇప్పుడు ఉపాధి హామీ పనుల్లో మేటు. కూలీలు తవ్విన మట్టిని కొలిచి లెక్క రాసే మనిషి. వాకిట్లో టేపు చుట్టుకుంటూ ఉంది. తలలో తెల్లవెంట్రుకలు. నేను పేరు చెప్పకముందే అంది:

"జవాబు దొరికిందా సార్?"

తలూపాను.

"నడువు మరి."

తండా చివర వడ్లు ఆరబోసే కల్లం ఉంది. కోతలు అయిపోయి, అలికిన నేల ఖాళీగా ఉంది. "చెప్పులు ఇడువు సార్, కల్లం," అంది. విడిచాను. మేకు కొట్టాను. స్థలం చాలదని కొలతలు సగం చేశాను. భూమికి మూడడుగులు, శనికి ఇరవై ఎనిమిదిన్నర. నేను సున్నం పోస్తుంటే ఆమె వెనకాలే టేపుతో కొలిచింది. "గీడ జానెడు ఎక్కువొచ్చింది," అంటే దిద్దాను. లాగుడు సంగతి, నడక సంగతి చెప్పాను. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత శ్రద్ధగా విన్న మనిషి లేదు. ముగించాక ఆమె కాసేపు ఆగింది. ఆ ఆగడం ఏమిటో ఈసారి నాకు తెలుసు.

"అంటే శని పాపమేం లేదు. దూరమున్నందుకే మెల్లగ నడుస్తది."

"అంతే."

"సరే. నేను భూమి. నువ్వు శని ఉండు సార్. నా మూడడుగులకు నీది ఒక్కటి, గది గూడ జర చిన్నది."

ఇద్దరం మేకుకు ఒకే వైపున, ఒకే వరసలో నిలబడ్డాం. తండా పిల్లలు పోగై, గీతకు బయట ఆగిపోయారు. ఎవరూ లోపలికి రాలేదు. నేను సున్నం మీద కాలు పడకుండా, గీత పక్కన మొదటి అడుగు వేశాను.

మొదటి చుట్టు ముగించి ఆమె అంది, "ఒకటి. బాపు పోయిన యేడు. బడి మానేసిన."

నేను ఇంకా ఏడెనిమిది అడుగులే వేశాను.

"రెండు. మిర్చి ఏరవోయినం, ఖమ్మం దిక్కు. మూడు. మిర్చే. నాలుగు. తమ్మునికి జెరమొచ్చింది. శని కూసున్న ఇల్లు, ఎట్లైనా పోతడు, దవాఖాన ఎందుకన్నరు. వాడు పోలే. మొండోడు."

ఐదుకు, ఆరుకు సంఖ్య మాత్రమే చెప్పింది.

"ఏడు. నన్ను సూడనీకి ఒచ్చిండ్రు. చాయ్ తాగిండ్రు. మా ఇంట్ల ఎవరు కూసున్నరో ఎవరో చెప్పిండ్రు. లేసి పోయిండ్రు. ఎనిమిది. మల్లొకలొచ్చిండ్రు. గాల్లు చాయ్ గూడ తాగలే."

తొమ్మిది అంది. తర్వాత సగం చుట్టులో ఆగింది. "గీడనే బెల్లు కొట్టిండ్రు ఆనాడు."

నేనూ ఆగి వెనక్కి చూశాను. కల్లం దుమ్ములో నా పాదాల గుర్తులు, మడమకు వేళ్లు తగులుతూ. చుట్టులో మూడో వంతుకు కాస్త ముందు ఆగి ఉన్నాయి. మొగుళ్లపల్లిలో తాడుతో కొలిచిందీ ఇంతే.

ఆమె మళ్లీ కదిలింది. పది, పదకొండు, పన్నెండు పుణెలో, బిల్డింగు పనులు. పదమూడుకు ఏమీ చెప్పలేదు. "పద్నాలుగు. యాడికి ఒంట్ల బాగలేదు. శనివారం దీపం మాత్రం ఇడవలే. ఇంట్ల నూనె లేకుంటే ఏడ్సేది. పదిహేను. యాడి పోయింది. ఇంకా ఐదున్నయి బిడ్డా, జర ఓర్సుకో అని చెప్పి పోయింది."

నేను అడుగు ఎత్తకుండా నిలబడిపోయాను. "ఆగకు సార్," అంది. పదహారు నుంచి పంతొమ్మిది దాకా సంఖ్యలు మాత్రమే.

"ఇరవై. గా దినం పొద్దుగాల లేసి ఇల్లంత ఊడ్సిన. అన్ని మూలలు ఊడ్సిన. మంచం జరిపి సూసిన, గాదె ఎనక సూసిన." ఆమె నడక మారలేదు. "ఎవ్వరు లేరు సార్."



మిగిలినవి త్వరత్వరగా చెప్పింది. ఇరవై రెండులో తమ్ముడికి కూతురు పుట్టింది. ఇరవై నాలుగులో ఓపెన్ స్కూల్లో పది పాసైంది. "సైన్స్‌ల తక్కువొచ్చినయి," అంది. ఇరవై ఆరులో మేటు పని. ఇరవై తొమ్మిది చెప్పి ఇంకో సగం చుట్టు నడిచి ఆగింది. సరిగ్గా అప్పుడే నేను మొదలుపెట్టిన చోటికి చేరాను. మొదట్లో ఇద్దరం ఒకే వరసలో ఉన్నాం. ఇప్పుడు ఆమె మేకుకు అవతల, నేను ఇవతల.

"సక్రీ," అన్నాను, "ఆనాడు నాకు తెలియదు."

"గా ఒక్క మాట కోసమే మా యాడి ఎండల నడిచొచ్చింది సార్."

ఆమె కోపంగా అనలేదు. మట్టి కొలిచి అంకె చెప్పినట్టు అంది. క్షమించమని అడగాలని బస్సులో అనుకున్నవేవీ నోటికి రాలేదు. రాకపోవడమే మంచిది. అడిగితే, ఇవ్వాల్సిన పని కూడా ఆమెకే పడేది.

ఆమె టేపు నడుముకు చెక్కుకుని, గీత బయట బిగుసుకుని నిలబడ్డ పిల్లల వైపు తిరిగింది. "ఏందిరా సూస్తున్నరు? తొక్కుండ్రి. సున్నమే గది."

ఎవరూ కదల్లేదు. చివరికి ఆమె తమ్ముడి కూతురు, ఏడేళ్లుంటాయేమో, మేనత్త ముఖం చూస్తూ ఒక కాలు గీత మీద పెట్టింది. ఏమీ కాలేదు. రెండో కాలు పెట్టింది. అప్పుడు మిగతావాళ్లు ఒక్కసారిగా వచ్చి పడ్డారు.

నేను గీత పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె నా పాదాల వైపు చూసింది.

"నువ్వు గూడ సార్."

కాలు ఎత్తాను. పెట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది.